షేడ్‌నెట్‌లో ఫాగర్లు బిగించడం ఎలా? నారు తడవకుండా గాలి చల్లబడాలంటే

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల నర్సరీల్లో ఫాగర్లు (నీటిని పొగమంచులాంటి సన్నటి తుంపరగా చిమ్మే పరికరాలు) చాలాచోట్ల కనిపిస్తాయి. సరిగ్గా నడిచేవి మాత్రం తక్కువ. మధ్యాహ్నం పూట లోపలికి వెళితే పైనుంచి వాన పడుతున్నట్టు ఉంటుంది. ట్రేలు ముద్దగా తడిసి ఉంటాయి, మూలల్లో నారు కుళ్లి పడిపోయి ఉంటుంది. ఆ తర్వాత వినిపించే మాట ఒకటే: "మన ఎండలకి ఫాగర్లు పనిచేయవండీ." పనిచేస్తాయి. వడగాలి వీచే రోజున లోపలి వేడిని ఆరేడు డిగ్రీలు దించుతాయి. కాకపోతే తుంపర ఆకు మీద పడకముందే గాలిలో ఆవిరైపోవాలి. ఆవిరి కావడానికి కావలసిన వేడిని అది గాలి నుంచే లాక్కుంటుంది, చల్లదనం వచ్చేది అక్కడే. ఆకు తడిసిందంటే ఆ నీరు గాలిని చల్లబరచలేదన్నమాట. నారుకి నీళ్లు పెట్టడం రోజ్‌క్యాన్ (చిల్లుల మూతి ఉన్న నీళ్ల డబ్బా) పని. ఆ పని ఫాగర్‌కి అప్పజెప్పకండి.

కింద చెప్పే లెక్కలన్నీ 60 అడుగుల వెడల్పు, 90 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తు ఉన్న షేడ్‌నెట్‌కి. అంటే దాదాపు పన్నెండున్నర సెంట్లు.

సామాన్లు

నాలుగు ముక్కుల (నాజిళ్ల) ఫాగర్లు 54 కావాలి. 4 కేజీల ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకి) దగ్గర ఒక్కో ముక్కు గంటకి 7 లీటర్లు, మొత్తం ఫాగర్ 28 లీటర్లు ఇచ్చే రకం తీసుకోండి. 16 మి.మీ. లేటరల్ (ఫాగర్లు తగిలించే సన్న పైపు) ఆరు లైన్లకి సరిపడా కొనండి, మందపాటిదే. డ్రిప్‌కి వాడే పల్చటి లేటరల్ ఈ ప్రెషర్‌కి జాయింట్ల దగ్గర ఊడిపోతుంది. మెయిన్‌కి, సబ్‌మెయిన్‌కి 40 మి.మీ. పీవీసీ పైపు, 10 కేజీల ప్రెషర్ తట్టుకునే రకం. 120 మెష్ డిస్క్ ఫిల్టరు. 50 మీటర్ల హెడ్ (నీటిని అంత ఎత్తుకి నెట్టే ఒత్తిడి) దగ్గర నిమిషానికి 30 లీటర్లు ఇవ్వగల 1 హెచ్‌పీ మోటారు. ప్రెషర్ గేజీలు రెండు, సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) ఒకటి, దాన్ని మళ్లీ మళ్లీ ఆన్, ఆఫ్ చేసే, సెకన్లలో సెట్ చేసుకునే సైక్లిక్ టైమరు ఒకటి, నీడలో పెట్టిన వెయ్యి లీటర్ల ట్యాంకు. మోటారు దగ్గర తడి ఉంటుంది కాబట్టి ఎర్త్ లీకేజీ బ్రేకరు (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేది) తప్పనిసరి.

ఫాగర్‌ని విడిగా కొనకండి. యాంటీ లీక్ వాల్వు, సన్న గొట్టం, నిటారుగా వేలాడేలా చేసే బరువు, నాలుగూ కలిపిన సెట్టుగానే కొనండి. కాస్త డబ్బు మిగులుతుందని యాంటీ లీక్ వాల్వు మానేస్తుంటారు. అది లేకపోతే నీళ్లు ఆగిన ప్రతిసారీ లైనులో ఉన్న నీరంతా పల్లంలో ఉన్న ఫాగర్ల నుంచి బొట్లుబొట్లుగా కారుతుంది. ఆ కింద ఉన్న ట్రేలు పోయినట్టే. మళ్లీ వాల్వు తెరిచినప్పుడు ఖాళీ లైను నిండడానికే కొన్ని సెకన్లు పడుతుంది. మనం నడిపేది పదిహేను సెకన్లే అయినప్పుడు అందులో సగం గొట్టం నింపడానికే పోతుంది.

నీళ్లు

పల్నాడు వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. తెనాలి దాటి సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు ఎక్కువ. ఫాగర్ నుంచి వచ్చిన నీరు ఆవిరైపోతుంది, అందులోని ఉప్పు ఎక్కడికీ పోదు. ఈ సైజు షేడ్‌నెట్‌కి మే నెలలో రోజుకి సుమారు 800 లీటర్లు ఖర్చవుతాయి. టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 1000 ఉన్న నీళ్లయితే రోజుకి దాదాపు 800 గ్రాముల ఉప్పు లోపల చల్లినట్టే. అందులో కొంత ముక్కుల్లో పేరుకుంటుంది, మిగిలింది ఆకుల మీద తెల్లటి పొడిలా దిగి అంచులు మాడుస్తుంది. టీడీఎస్ 300 లోపు ఉంటే నిశ్చింత. 500 దాటితే ఆ నీళ్లు వాడొద్దు. కాలువ నీళ్లు మంచివే కానీ ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. కాబట్టి కుంటలోనో, తొట్టిలోనో ముందే పట్టి పెట్టుకోవాలి. బోరు తప్ప గతిలేకపోతే వాననీళ్లో, ఆర్వో నీళ్లో కలిపి టీడీఎస్ దించండి. రోజుకి 800 లీటర్లే కదా, అది చేయలేని పనేమీ కాదు.

బిగింపు

ఇది ఒక్క రోజు పని. పొడవు వెంట ఆరు జీఐ తీగలు లాగండి. అంచు నుంచి 5 అడుగులు వదిలి, ఆపైన తీగకీ తీగకీ మధ్య 10 అడుగులు. తీగ వదులుగా ఉంటే మధ్యలో లేటరల్ జారి నీళ్లన్నీ అక్కడికే చేరతాయి కాబట్టి టర్న్‌బకిల్‌తో (తీగని లాగి బిగించే మర) బిగించండి. లేటరల్‌ని తీగకి అడుగున్నరకో కట్టు చొప్పున కట్టండి. ఒక చివర సబ్‌మెయిన్‌కి కలపండి, రెండో చివర ఎండ్‌క్యాప్ పెట్టకుండా తెరిచే ఉంచండి. ఫాగర్లు నేలకి 9 అడుగుల ఎత్తులో ఉండాలి. పైన నెట్‌కి 3 అడుగులు ఖాళీ ఉంటేనే తుంపర నెట్‌ని తడపకుండా ఉంటుంది.

ట్యాంకు, మోటారు, నాన్ రిటర్న్ వాల్వు (నీరు వెనక్కి రాకుండా ఆపేది), ఫిల్టరు, గేజీ, సోలినాయిడ్, ఈ వరసలో బిగించండి. ఫిల్టరుకీ సోలినాయిడ్‌కీ మధ్య టీ జాయింటు వేసి, అక్కడి నుంచి ప్రెషర్ రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మించితే తెరుచుకునేది) ద్వారా ట్యాంకులోకి బైపాస్ లైను తీయండి. మోటారు ఆగకుండా నడుస్తూనే ఉండాలి, సోలినాయిడ్ మూసినప్పుడు నీరు తిరిగి ట్యాంకులోకి వెళ్లాలి. టైమరుని నేరుగా మోటారుకి కలిపితే గంటకి పద్దెనిమిదిసార్లు స్టార్ట్ అవుతుంది. సింగిల్ ఫేజ్ మోటారు కెపాసిటర్ దాన్ని ఎన్నాళ్లో తట్టుకోదు.

పీవీసీ సొల్యూషన్ (అతికించే జిగురు) పూసిన జాయింట్లని ఒక రాత్రి ఆరనివ్వండి. మర్నాడు ఫాగర్లు పెట్టకముందే, చివరలు తెరిచి, పది నిమిషాలు నీళ్లు వదలండి. పైపు కోసినప్పటి రజను, టెఫ్లాన్ టేపు ముక్కలు అన్నీ బయటికి పోవాలి. అప్పుడు ఎండ్‌క్యాప్‌లు బిగించి, పంచ్‌తో లైనుకి తొమ్మిది చిల్లులు చొప్పున వేసి (అంచు నుంచి 5 అడుగులు, తర్వాత 10 అడుగులకొకటి) ఫాగర్లు తగిలించండి.

రెండో గేజీని మోటారుకి అన్నిటికన్నా దూరంగా ఉన్న లైను చివర పెట్టండి. అక్కడ 4 కేజీలు చూపించేదాకా రిలీఫ్ వాల్వుని బిగించండి. మోటారు దగ్గర గేజీ చూసి తృప్తిపడితే లాభం లేదు. చివర 2 కేజీలే ఉంటే అక్కడ పడేది తుంపర కాదు, చినుకు.

ఎన్ని సెకన్లు నడపాలి?

పాడయ్యేదంతా ఇక్కడే. "రెండు నిమిషాలు ఆన్, పది నిమిషాలు ఆఫ్" అని షాపులో చెప్పిన లెక్కే టైమరులో పెట్టి, మే నుంచి ఆగస్టు దాకా దాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. ఆ లెక్క ఎందుకు తప్పో చూడండి.

మన షేడ్‌నెట్ లోపల గాలి దాదాపు 1,800 ఘనమీటర్లు. బయట 40 డిగ్రీలు, గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు ఆ గాలి ఇంకా సుమారు 13 లీటర్ల నీటిని మాత్రమే ఆవిరిగా పట్టగలదు. 54 ఫాగర్లు నిమిషానికి 25 లీటర్లు వదులుతాయి. అంటే 31 సెకన్లకే గాలి నిండిపోతుంది. రెండు నిమిషాలు నడిపితే 50 లీటర్లు. మిగతా 37 లీటర్లలో నెట్ సందుల్లోంచి గాలితో పోయేది పోగా, ఎక్కువ భాగం ఆకుల మీదే పడుతుంది. అదే బయట 36 డిగ్రీలు, తేమ 60 శాతం ఉన్న రోజైతే ఆ గాలి పట్టేది 6 లీటర్లే. అది 14 సెకన్ల పని.

కాబట్టి కొద్దిసేపు, తరచుగా నడపాలి. 15 సెకన్లకి 6 లీటర్ల పైచిలుకు పడుతుంది, గాలి దాన్ని మింగేస్తుంది. తర్వాత మూడు నిమిషాల్లో ఆ తేమగాలి బయటికి పోయి పొడిగాలి లోపలికి రావాలి. పక్క నెట్‌లు అన్నివైపులా మూసేసి ఫాగర్లు వేస్తే గాలి మారదు, నాలుగోసారికి తేమ నిండిపోతుంది, అక్కడి నుంచి చల్లదనం ఉండదు, ఉక్క మాత్రమే ఉంటుంది. తెల్లదోమ భయంతో పక్కలకి 40 మెష్ (సన్న కన్నుల వల) కట్టినవాళ్లు గాలి తగ్గిందని గుర్తుంచుకుని విరామం ఐదు నిమిషాలకి పెంచాలి. పై కిటికీ లేని పాలీహౌస్‌లో అసలు ఫాగర్లే పెట్టొద్దు.

ఏ రోజు ఎంత అన్నది వేడిని బట్టి తేలదు. గాలి ఎంత పొడిగా ఉందో చూడాలి. దానికి రెండు మామూలు థర్మామీటర్లు చాలు. ఒకదాని గుండుకి శుభ్రమైన నూలు గుడ్డ చుట్టి, మంచినీళ్లతో తడపండి. షేడ్‌నెట్ బయట, నీడలో, రెండిటికీ అట్టతో రెండు నిమిషాలు విసరండి. విసరకపోతే తడి థర్మామీటరు తప్పు చూపిస్తుంది. రెండిటి మధ్య తేడా చూడండి.

తేడా 10 డిగ్రీలు దాటితే 15 సెకన్లు ఆన్, 3 నిమిషాలు ఆఫ్. 6 నుంచి 10 మధ్య ఉంటే 10 సెకన్లు ఆన్, 5 నిమిషాలు ఆఫ్. 6 లోపు ఉంటే ఫాగర్లు కట్టేయండి. ఆ రోజు అవి చల్లబరిచేది ఒకటి రెండు డిగ్రీలు, తెచ్చేది తెగులు. షేడ్‌నెట్ విస్తీర్ణం మారితే ఫాగర్ల సంఖ్య కూడా మారుతుంది కాబట్టి సెకన్లు ఇవే. ఎత్తు తగ్గితే మాత్రం మారతాయి. 8 అడుగుల ఎత్తే ఉంటే లోపలి గాలి మూడోవంతు తగ్గినట్టు, సెకన్లు కూడా మూడోవంతు తగ్గించండి.

పడమటి వడగాలి వీచే రోజుల్లో తేడా 14 దాటి కూడా వస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరగగానే అది సగానికి పడిపోతుంది. అందుకే పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, మూడున్నరకి ఒకసారి చూడాలి. ఉదయం లోపల 34 డిగ్రీలు రాగానే మొదలుపెట్టండి, బాగా కాగిన తర్వాత కాదు. సాయంత్రం నాలుగున్నరకి కచ్చితంగా ఆపండి. రాత్రికి ఆకు తడిగా ఉంటే నారుకుళ్లు వస్తుంది.

సెట్ చేశాక ఒక పరీక్ష. నల్లటి ప్లాస్టిక్ మూతల్ని ప్రతి లైను కింద, ట్రేల ఎత్తులో పెట్టండి. ఫాగర్లు ఒకసారి నడిచి ఆగిన నిమిషం తర్వాత చూడండి. మూత పొడిగా ఉండాలి, లేదా సన్నటి చుక్కలు కళ్లముందే ఆరిపోతుండాలి. చుక్కలు కలిసి పాకుతుంటే సెకన్లు తగ్గించండి. ఒకే మూత తడిసి మిగతావి పొడిగా ఉంటే దాని పైనున్న ఫాగరు చెడింది. ఒక వరసంతా తడిస్తే ఆ లైనులో ప్రెషర్ లేదు.

ఇక థర్మోస్టాట్ సంగతి. "36 దాటితే ఆన్, 34కి ఆఫ్" అని ఒక్క వేడినే చూసే కంట్రోలరు కొనకండి. ఉక్కగా ఉన్న రోజు ఫాగర్లు ఎంత నడిచినా 36 దిగదు. దిగదు కాబట్టి అది ఆగదు. సాయంత్రానికి షేడ్‌నెట్ చెరువవుతుంది. కంట్రోలరు పెట్టాలనుకుంటే తేమ 75 శాతం దాటగానే ఆపేసేదే తీసుకోండి. సెన్సరుని ట్రేల ఎత్తులో, నీడలో, తుంపర తగలని చోట వేలాడదీయండి.

మిరప నారు పోసే జూన్, జూలైల్లోనే నష్టం ఎక్కువ. మే నెల టైమింగే కొనసాగిస్తారు, ఈలోగా రుతుపవనాలు వచ్చి గాలిలో తేమ పెరిగి ఉంటుంది. మొలకెత్తిన పదో రోజుకి కాండం మొదట్లో నీళ్లు పట్టినట్టయి నారు వాలిపోతుంది. దానికి మందులు మార్చి మార్చి కొడతారు. ముందు ఫాగర్లు ఆపాలి. ఆ నెలల్లో ఎండ తగ్గించుకోవడానికి 50 శాతం నీడనిచ్చే నెట్, గాలి ఆడే పక్కలు చాలు. 75 శాతం నెట్ వేస్తే నారు సాగి బలహీనపడుతుంది.

ఫ్యాన్-ప్యాడ్ (తడి ప్యాడ్ గుండా ఫ్యాన్లతో గాలి లాగి చల్లబరిచే పద్ధతి) మేలు కదా అని అడిగేవాళ్లకి: అది మూసిన పాలీహౌస్‌కి, కరెంటు పోని చోటికి. మధ్యాహ్నం గంట కరెంటు పోతే మూసిన పాలీహౌస్ పొయ్యి అవుతుంది. షేడ్‌నెట్‌లో ఫాగర్లు ఆగినా గాలి ఆడుతూనే ఉంటుంది. నెట్ పైన స్ప్రింక్లర్లతో తడపడం నీళ్ల వృథా, నెట్‌కి పాచి.

శుభ్రం చేయడం

డిస్క్ ఫిల్టరుని రోజూ విప్పి కడగండి. వారానికోసారి ఎండ్‌క్యాప్‌లు తీసి లైన్లు వదలండి. ఎరువులు, మందులు ఈ లైనులో ఎప్పుడూ పంపకండి. ముక్కుల నుంచి తుంపర ఒకవైపుకే వస్తుంటే ఫాగరు విప్పి, లీటరు నీటికి 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రెండు మూడు గంటలు నానబెట్టి, మంచినీళ్లతో కడిగి పెట్టండి. పిన్నీసుతోనో, సూదితోనో పొడవకండి. చిల్లు వెడల్పయితే ఆ ముక్కు ఇక జన్మలో తుంపర ఇవ్వదు, చినుకులే ఇస్తుంది. ఓ ఆరు ఫాగర్లు అదనంగా కొని ఉంచుకుంటే నానబెట్టిన వాటి స్థానంలో తగిలించుకోవచ్చు, ఆ పూట లైను ఆపాల్సిన పని ఉండదు.