కంఫర్ట్ మోడ్‌లో కూడా కుదుపులా? షాకప్సర్లు మార్పించే ముందు ఇవి చూడండి

"కంఫర్ట్ మోడే పెట్టానన్నా, అయినా ప్రతి గతుకూ నడుముకి తెలుస్తోంది." ప్రయాణం మెత్తగా ఉండాలని కార్లో ఈ మోడ్ పెట్టుకుని కూడా ఇలా వచ్చేవాళ్లను ముందు అడిగేది ఒకటే: టైర్లలో గాలి ఎంతుంది? "మొన్ననే కొట్టించాను" అంటారు. ఎంత కొట్టించారో తెలియదు. పంక్చర్ షాపులో అడక్కపోతే అన్ని బళ్లకీ ఒకే లెక్క, 38 లేదా 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి లెక్క) కొట్టి పంపేస్తారు. డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీదో, ఫ్యూయల్ ట్యాంకు మూత లోపలో స్టిక్కర్ ఉంటుంది. చాలా బళ్లకి అందులో రెండు అంకెలుంటాయి, ఒకటి మామూలు బరువుకి, ఒకటి ఫుల్ లోడ్‌కి. ఇద్దరు తిరిగే బండికి ఫుల్ లోడ్ అంకె పెట్టుకుని సస్పెన్షన్‌ని తిట్టుకుంటే ఏం లాభం? పొద్దున్నే బండి కదలకముందు చూడండి. హైవే మీద వచ్చి ఆగిన టైరులో మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువే చూపిస్తుంది. కొత్త బండైతే ఇంకా అనుమానించాలి. రవాణా కోసం గాలి ఎక్కువ కొట్టి పంపుతారు, డెలివరీకి ముందు తగ్గించడం మర్చిపోతారు.

గాలి సరిచేశాకే కింద రాసినవి చదవండి.

ఏ మోడ్ పెట్టినా కుదుపు ఒకేలా ఉంది, మొదటినుంచీ అంతే

మీ బండిలో అడాప్టివ్ సస్పెన్షన్, అంటే మోడ్‌ని బట్టి షాకప్సర్ల గట్టిదనం మార్చే ఏర్పాటు, లేకపోవచ్చు. నెక్సాన్‌లో ఎకో, సిటీ, స్పోర్ట్ ఉన్నాయి. అవి ఇంజిన్ స్పందనని మారుస్తాయి, షాకప్సర్ల జోలికి పోవు. ఎక్స్‌యూవీ700 డీజిల్‌లో జిప్, జాప్, జూమ్ కూడా అంతే. దాని షాకప్సర్లు కుదుపు వేగాన్ని బట్టి వాటంతటవే మెత్తబడే రకం, కానీ అది లోపలి వాల్వు చేసే పని, బటన్‌తో సంబంధం లేదు. నిజంగా బటన్‌తో షాకప్సర్ మారే బళ్లు వేరు: డైనమిక్ ఛాసిస్ కంట్రోల్ ఉన్న స్కోడా కోడియాక్, సూపర్బ్ లాంటివి. వాటిలో కూడా ఒక్కోదాన్నీ మనమే ఎంచుకునే ఇండివిడ్యువల్ మోడ్‌లో సస్పెన్షన్‌ని ఎప్పుడో స్పోర్ట్‌లో పెట్టి మర్చిపోయినవాళ్లు చాలామంది. స్క్రీన్ మీద మోడ్ పేరొక్కటే చూడకండి, లోపలికెళ్లి సస్పెన్షన్ వరుస చూడండి.

ముందు బాగానే ఉండేది, సస్పెన్షన్ పని చేయించాక గట్టిగా అయింది

అసలు మోసం ఇక్కడుంది. డాష్‌బోర్డు మీద లైటు వెలగదు. లోపాలు చదివే స్కానర్ పెడితే ఒక్క ఎర్రర్ కోడ్ కూడా రాదు. కంఫర్ట్‌కీ స్పోర్ట్‌కీ తేడా బాగా తగ్గిపోతుంది. పెద్ద స్పీడ్ బ్రేకర్ ఓ మాదిరిగా దాటుతుంది కానీ చిన్న చిన్న గతుకులు, ఫ్లైఓవర్ జాయింట్లు ఒక్కొక్కటీ గుచ్చుకుంటాయి. ఇలాంటి బళ్లకి అడాప్టివ్ షాకప్సర్లు పోయాయని చెప్పి, భారీ బిల్లు వేసి నాలుగూ మార్చేస్తారు. మార్చినా కుదుపు అలాగే ఉంటుంది.

కారణం లోయర్ ఆర్మ్ బుష్‌లు. చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చెయ్యి లోయర్ ఆర్మ్, అది బాడీకి తగిలే చోట ఉండేది బుష్. చాలా బళ్లలో ఈ బుష్ అంటే రెండు ఇనుప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టుకుంటుంది, ఆర్మ్ పైకీ కిందకీ ఆడినప్పుడల్లా రబ్బరు మెలి తిరుగుతుంది. ఇప్పుడు బండిని రెండు స్తంభాల లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టు ఫుల్ టైట్ చేశారనుకోండి. రబ్బరుకి ఆ వేలాడే స్థితే సహజ స్థితి అయిపోతుంది. బండిని కిందకి దించగానే తడిగుడ్డని పిండినట్టు రబ్బరు మెలిపడి అక్కడే ఉండిపోతుంది. అంటే స్ప్రింగుకి తోడు ఇంకో స్ప్రింగు చేరినట్టే. మోడ్ మార్చగలిగేది షాకప్సర్‌లో నూనె పోయే దారిని మాత్రమే. రబ్బరు బిగుసుకుంటే కంఫర్ట్ బటన్ చేసేదేమీ లేదు. మల్టీలింక్ (ఒక్కో చక్రాన్ని చాలా ఆర్మ్‌లు పట్టుకునే రకం) వెనక సస్పెన్షన్ ఉన్న బండిలో ఇలాంటి బుష్‌లు చాలా ఉంటాయి కాబట్టి బాధ కూడా ఎక్కువే.

పట్టుకోవడం ఎలాగంటే, చదునైన నేల మీద బండి పెట్టి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచుదాకా టేపుతో కొలవండి. పని జరిగిన పక్క, జరగని పక్కకంటే ఎత్తుగా ఉంటే అనుమానం బలపడినట్టే. రెండు పక్కలా చేయించి ఉంటే రిపేరు మాన్యువల్‌లో ఉన్న ఎత్తుతో పోల్చాలి.

రిపేరు చాలా సులువు, అందుకే ఒళ్లు మండుతుంది. బండి బరువు టైర్ల మీదే ఉండేలా నాలుగు స్తంభాల ర్యాంపు మీదో, పిట్ మీదో పెట్టాలి. రెండు స్తంభాల లిఫ్టే దిక్కైతే హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) కింద జాకీ పెట్టి, కొలిచిన ఎత్తు వచ్చేదాకా లేపాలి. ఆ ఆర్మ్ బోల్టులన్నీ వదులు చేయండి. కొన్నిసార్లు రబ్బరు సర్దుకుంటూ 'టక్'మనడం వినిపిస్తుంది. బండిని నాలుగైదుసార్లు అదిమి వదిలి, అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగించామో కొలిచే పానాతో) మాన్యువల్ చెప్పినంత బిగించాలి. ఒకసారే వాడాల్సిన బోల్టులైతే కొత్తవి వేయాలి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్, ఎత్తు కొలిచే సెన్సర్లున్న బండికి స్కానర్‌తో కాలిబ్రేషన్ (సెన్సర్ల లెక్క సరిచేయడం). మెలిపడ్డ బుష్‌తో చాలాకాలం తిప్పి ఉంటే రబ్బరు చిరిగి ఉండొచ్చు, అప్పుడు బుష్ మార్చక తప్పదు.

ఇంకా పని చేయించనివాళ్లు బండి ఇచ్చేటప్పుడే సర్వీస్ అడ్వైజర్‌కి చెప్పి, జాబ్ కార్డులో రాయించండి: "ఫైనల్ టైట్ బండి బరువు టైర్ల మీద ఉన్నప్పుడే." రాయించకపోతే ఆ మాట మెకానిక్ దాకా వెళ్లదు.

కంఫర్ట్‌లో హైవే మీద ఊగుతోంది, వెనకాల పిల్లలకి వాంతులు

చాలామటుకు ఇది లోపం కాదు. మెత్తటి డ్యాంపింగ్ (షాకప్సర్ ఊపుని ఆపే పని) ఊళ్లో గుంతలకి బాగుంటుంది, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 100 దాటాక బాడీని అదుపు చేయలేదు. నార్మల్‌కి మార్చండి. నార్మల్‌లో కూడా ఊగితే షాకప్సర్ నూనె కారుతోందేమో చూడండి.

లైటు వెలిగింది, అన్ని మోడ్‌లూ ఒకేలా ఉన్నాయి

సిస్టమ్ ఫెయిల్‌సేఫ్‌లోకి వెళ్లింది, అంటే ఏదో లోపం కనపడి మోడ్‌లు మార్చడం ఆపేసింది. చక్రం దగ్గర షాకప్సర్‌కి వెళ్లే కనెక్టర్ ఊడిందా, వైరు రాసుకుని తెగిందా, ఎత్తు సెన్సర్ లింకు విరిగిందా చూడండి. బ్యాటరీ నీరసపడినా ఒక్కోసారి ఈ లైటు వస్తుంది.

కంట్రోల్ యూనిట్ పోవడం, లోపల వాల్వు ఇరుక్కోవడం, స్ప్రింగు విరగడం జరగవని కాదు, అరుదు. పైవన్నీ చూశాక కూడా తేలకపోతేనే అటు వెళ్లండి.