చరిత్ర చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: మలుపు ఏ తేదీన వచ్చింది?

పోయిన పాఠంలో మొదటి ప్రపంచ యుద్ధం ఎలా మొదలైందో చూడ్డానికి 1914 జూన్ 28 నుంచి ఆగస్టు 4 దాకా తేదీల పట్టిక రాసుకున్నాం. ఈసారి దాని పక్కన ఇంకో కాలమ్ గీసి, పైన ఇలా రాయండి: "ఇంకా ఆపగలిగేది ఎవరు?" ఒక్కో తేదీ దగ్గర, యుద్ధాన్ని ఆపే వీలు ఎవరి చేయి దాటిపోతే వాళ్ల పేరు కొట్టేస్తూ వెళ్లాలి.

మొదటి ప్రపంచ యుద్ధానికి తక్షణ కారణం అనగానే సరయేవో హత్య (జూన్ 28న ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫెర్డినాండ్‌ను ఆ ఊళ్లో కాల్చి చంపడం) అనేస్తాం. బిట్ పేపర్‌కి అది చాలు. కానీ జూన్ 28 ఎదురుగా కొత్త కాలమ్ నింపి చూడండి. వియన్నా (ఆస్ట్రియా-హంగరీ), బెర్లిన్ (జర్మనీ), సెయింట్ పీటర్స్‌బర్గ్ (రష్యా), పారిస్, లండన్... ఈ రాజధానుల్లోని ప్రభుత్వాలు అందరూ ఆపగలిగినవాళ్లే. ఆ రోజుకి యుద్ధం ఇంకా ఖాయం కాలేదన్నమాట.

జూలై 5న, ఆస్ట్రియా-హంగరీ ఏం చేసినా వెనక తామున్నామని జర్మనీ మాటిచ్చింది. బెర్లిన్‌ను అప్పుడే కొట్టేయకండి, పెన్సిల్‌తో గీత పెట్టండి. మాట వెనక్కి తీసుకునే వీలు ఇంకా ఉంది. హత్య వెనక సెర్బియా ఉందంటూ ఆస్ట్రియా-హంగరీ 23న దానికి 48 గంటల గడువుతో అల్టిమేటం ఇచ్చింది, 28న యుద్ధం ప్రకటించింది. ఇక్కడ వియన్నాను కొట్టేయొచ్చు.

29, 30 తేదీల దగ్గర మాత్రం తొందరపడొద్దు. 29న, సెర్బియాకు అండగా ఉన్న రష్యా చక్రవర్తి రెండో నికొలస్ మొత్తం సైన్యాన్ని సమీకరించడానికి ఒప్పుకున్నాడు. ఆ రాత్రే జర్మనీ కైజర్ (చక్రవర్తి) రెండో విల్‌హెల్మ్ నుంచి టెలిగ్రాం వచ్చింది. ఇద్దరూ బంధువులు, టెలిగ్రాముల కింద 'నిక్కీ', 'విల్లీ' అని సంతకాలు! నికొలస్ మనసు మార్చుకుని ఆర్డర్ ఆపించాడు. మర్నాడు మధ్యాహ్నం విదేశాంగ మంత్రి సజోనోవ్ వచ్చి నచ్చజెప్పాక మళ్లీ సరేనన్నాడు. జర్మనీ ప్లానేమో, రష్యా సైన్యం పూర్తిగా కూడేలోపే బెల్జియం మీదుగా వెళ్లి ఫ్రాన్స్‌ను ఓడించాలని. రష్యా కదిలాక బెర్లిన్ జనరల్స్‌కు ఒక్కో రోజూ నష్టమే. అందుకే నా పట్టికలో మలుపు జూలై 30. జూలై 5కే ఓటేసే చరిత్రకారులూ ఉన్నారు. మీరు ఏది ఎంచుకున్నా, ఆ తేదీన ఎవరి పేరు ఎందుకు కొట్టేశారో ఒక వాక్యం రాయాలి.

ఒక జాగ్రత్త: అప్పటి రష్యా పాత క్యాలెండర్ 13 రోజులు వెనక ఉండేది. జూలై 30 అక్కడి కాగితాల్లో జూలై 17. తేదీలు కలవకపోతే ముందు ఇది చూసుకోండి.

ఆగస్టు 4న బ్రిటన్ దిగడంతో, మనవాళ్లను ఎవరూ అడక్కుండానే ఇండియా కూడా యుద్ధంలో పడింది. సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్‌డెన్ మద్రాసు రేవులోని ఆయిల్ ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. మన పేరు మాత్రం ఆ రెండో కాలమ్‌లో ఎక్కడా రాదు.

అభ్యాసం: 1962 అక్టోబర్ 16 నుంచి 28 దాకా క్యూబా క్షిపణుల సంక్షోభానికి ఇదే పట్టిక వేయండి. 27వ తేదీ దగ్గర అమెరికా అధ్యక్షుడు కెనెడీ, సోవియట్ నేత కృశ్చేవ్ పేర్లతో ఆపేయకండి. క్యూబా దగ్గర నీళ్లలో ఉన్న సోవియట్ సబ్‌మెరైన్‌లోని ఒక అధికారి పేరు కూడా అక్కడ ఉండాలి. ఎవరో వెతికి రాయండి.