థామస్ కాదు, టామస్: బ్రిటన్‌లో పేర్లు పలికేటప్పుడు

బ్రిటన్‌కు వచ్చేముందు ఇల్లు, బ్యాంకు ఖాతా, జీపీ (స్థానిక డాక్టరు) రిజిస్ట్రేషన్ గురించి అందరూ చెబుతారు. మనుషుల పేర్లు ఎలా పలకాలో ఎవరూ చెప్పరు. నేను మొదటి నెలంతా పక్క సీటాయన్ని ‘జియోఫ్రే’ అని పిలిచాను. ఆయన పేరు జెఫ్రీ. మొహమాటం కొద్దీ ఒక్కసారీ సరిదిద్దలేదు. తెలిశాక నాకు చాలా బాధేసింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మనకు తికమకంతా ‘టీ, హెచ్’ దగ్గరే. లత, స్వాతి అని ఇంగ్లిష్‌లో రాయాలంటే ‘త’కు ఆ రెండక్షరాలే వాడతాం కదా. దాంతో టామస్ పేరు చూడగానే నోటికి ‘థామస్’ వచ్చేస్తుంది. గ్రీకు నుంచి లాటిన్, ఫ్రెంచి మీదుగా వచ్చిన పేరది. పలుకు ‘ట’గా మారినా హెచ్ రాతలో మిగిలిపోయింది. ఆంటనీ కథ వేరు. దాని మూలమైన లాటిన్ పేరు ఆంటోనియస్‌లో హెచ్ లేనే లేదు. గ్రీకులో పువ్వును ‘ఆంథోస్’ అంటారు, పేరు దాన్నుంచే పుట్టిందని పొరబడి తర్వాత హెచ్ చేర్చారు. బ్రిటన్‌లో ఎక్కువమంది పాత పలుకే పలుకుతారు. అమెరికాలో మాత్రం చాలామంది రాసినట్టే ‘ఆంథనీ’ అంటారు. లండన్‌లోని థేమ్స్ నది పేరులో కూడా హెచ్ తర్వాత వచ్చి చేరిందే, దాన్ని ‘టెమ్జ్’ అనాలి.

తెలుగు బైబిల్లో స్తెఫను అని చదివినవాళ్లకు ఇక్కడ ‘స్టీవెన్’ వింతగా ఉంటుంది. రాతలో ‘పీ, హెచ్’ ఉన్నా పలుకు ‘వ’. రెండు అచ్చుల మధ్య ఎఫ్‌ను ‘వ’గా పలకడం పాత ఇంగ్లిష్ పద్ధతి. లైఫ్ బహువచనంలో లైవ్స్ అయ్యేదీ అందుకే.

గ్రేయమ్ పేరులోనూ హెచ్ పలకదు. షివాన్ (Siobhan), నీవ్ (Niamh) ఐరిష్ పేర్లు. వాటి స్పెల్లింగ్ ఆ భాష లెక్క ప్రకారం ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరాలుగా చదివితే అందదు.

ఇవన్నీ కంఠస్థం చేసినా సరిపోదు. రాల్ఫ్‌నే తీసుకోండి. ఎక్కువమంది రాల్ఫ్ అనే పలుకుతారు, కానీ సంగీతకర్త వాన్ విలియమ్స్ (1872–1958) తన పేరును ‘రేఫ్’ అనేవారు. అక్షరాలు రెండింటికీ ఒకటే. కాబట్టి మొదటి రోజే ‘మీ పేరు ఎలా పలకాలండీ?’ అని అడిగేయండి. ఎవరూ తప్పుగా అనుకోరు. అప్పుడే మీ పేరు కూడా నెమ్మదిగా రెండుసార్లు పలికి వినిపించండి. ‘లత’ పేరులో హెచ్ చూసి వాళ్లు ‘థ్యాంక్స్’లో పలికే శబ్దం తెస్తారు.