గోడ మీద అడవి – 5వ పాఠం: పాండా కళ్ళు కాగితం మీద కనబడాలంటే

పోయిన పాఠంలో ఫోకస్‌ని జంతువు కంటి మీద పెట్టడం నేర్చుకున్నాం. ఈసారి ఆ కన్ను ప్రింటులో కూడా నిలబడేలా చూద్దాం. దీనికి పాండాను మించిన పరీక్ష లేదు.

సింగపూర్ వెళ్ళినప్పుడు తీసిన పాండా ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. 2012లో చైనా నుంచి తెచ్చిన కై కై, జియా జియా అనే జంట అక్కడి జూలో ఉంటుంది. చల్లగా ఉంచిన హాలు, వెలుతురు తక్కువ, ఫ్లాష్ వాడకూడదు. ఆ జంటలో ఒకటి వెదురు నములుతూ నా వైపు చూసింది, నొక్కాను. ఫోన్‌లో చూస్తే ప్రాణం ఉట్టిపడుతోంది. హనుమకొండలో ఒక ల్యాబులో 20x30 అంగుళాల ప్రింటు వేయించాను. చుట్ట విప్పిన తమ్ముడు కాసేపు చూసి, "అన్నా, కళ్ళేడ పోయినయ్?" అన్నాడు. నిజంగానే లేవు. కళ్ళున్న చోట రెండు నల్లటి గుంటలు. ల్యాబు తప్పేమీ లేదు, నా ఫైలే అలా ఉంది.

పాండా కళ్ళు చిన్నవి, ముదురు రంగువి. అవి ఉండేది నల్లటి మచ్చల మధ్యలో. నలుపులో నలుపన్నమాట. ఇక్కడ కన్ను ఉందని మనకు చెప్పేది లోపల మెరిసే చిన్న వెలుగు చుక్క, కంటి చుట్టూ ఉన్న వెంట్రుకల గీతలు, అంతే. ఫోన్ తెర తనంతట తాను వెలుగుతుంది కాబట్టి ఆ కాస్త తేడానూ చూపిస్తుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో ఉన్న వెలుగే దిక్కు. తెర మీద లీలగా కనబడే తేడాలు కాగితం మీద ఒకే ముద్ద అయిపోతాయి.

మరి తీసేటప్పుడే ఏం చేయాలి? కెమెరాకు అది పాండా అని తెలియదు. ఎదురుగా ఏమున్నా మధ్యస్థమైన బూడిద రంగనే అనుకుని లెక్క కడుతుంది. ఫ్రేము నిండా నలుపుంటే అవసరానికి మించి వెలుగు లాగుతుంది, తెలుపు కాలిపోతుంది. ఫ్రేము నిండా తెలుపుంటే వెలుగు తగ్గిస్తుంది, నలుపు మూసుకుపోతుంది. పాండాలో రెండూ ఉన్నాయి. అప్పుడు నేను తెలుపు పక్షమే. కాలిపోయిన తెలుపులో వెంట్రుక గీత కూడా మిగలదు, దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. నలుపులో దాగింది మాత్రం, రా ఫైలు (కెమెరా ఏమీ తీసేయకుండా దాచే ముడి ఫైలు) తీసి ఉంటే చాలావరకు బయటికి వస్తుంది.

దీన్ని సాధన చేయడానికి చైనా వెళ్ళక్కర్లేదు. పొద్దున ఏడింటికి ధర్మసాగర్ వైపో మీ ఊరి చెరువు గట్టుకో వెళ్ళండి. గేదె వీపు మీద కొంగ వాలి ఉంటుంది చూడండి, అదే మన పాండా. గేదె దగ్గర ఉన్న మనిషిని ఒక మాట అడిగి, దూరం నుంచే తీయండి. మొదటి ఫొటో కెమెరా ఇష్టానికి వదిలేయండి. హైలైట్ హెచ్చరిక ఆన్‌లో ఉంటే కొంగ ఒళ్ళు టపటపా మిణుకుతుంది, అంటే తెలుపు కాలిందని. ఎక్స్‌పోజర్‌ని, అంటే కెమెరా తీసుకునే వెలుగు మోతాదుని, మైనస్ 0.7కి, తర్వాత మైనస్ 1కి తగ్గించండి. మిణుకు ఆగిన చోట ఆగి, ఫొటోను పెద్దది చేసి చూడండి. రెక్క మీద ఈకల అంచులు ఒక్కొక్కటీ విడిగా కనబడాలి. కింద గేదె వీపు మీద ఎండిన బురద పగుళ్ళు, వాటి మధ్య నిక్కబొడుచుకున్న వెంట్రుకలు చీకట్లోనైనా లీలగా ఉండాలి. రెండూ దొరికాయంటే ఎక్స్‌పోజర్ మీ చేతికి వచ్చినట్టే. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, ఆ ఎండలో నలుపు తెలుపుల మధ్య దూరం కెమెరా మోయగలిగినంతకు మించిపోతుంది. మబ్బు పట్టిన రోజు దొరికితే వదులుకోకండి.

ఇక ఎడిటింగ్. షాడోస్‌ని, అంటే ఫొటోలోని చీకటి భాగాల వెలుగుని, మొత్తం ఒకేసారి పెంచేస్తే నలుపంతా బూడిదయ్యి, నాయిస్, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కలు, పైకి తేలుతుంది. బ్రష్ తీసుకుని కళ్ళ మచ్చల వరకే కొద్దిగా పెంచండి. లేని మెరుపును కంట్లో గీయడం మాత్రం నేను ఒప్పుకోను, అది ఫొటో కాదు. పాండా తెలుపు కూడా సున్నం కొట్టిన గోడ తెలుపు కాదు, మీగడ తెలుపు. దాన్ని నీలంగా, తళతళలాడేలా చేయకండి. అంకెల్లో చెప్పాలంటే, 0 (పూర్తి నలుపు) నుంచి 255 (పూర్తి తెలుపు) వరకు ఉండే కొలతలో ఒంటి తెలుపు 240 దాటకుండా, వెంట్రుకలు కనబడాల్సిన నలుపు 20కి తగ్గకుండా చూసుకుంటాను. కంప్యూటర్ తెర పక్కన తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఒకేలా కనబడేదాకా తెర వెలుగు తగ్గించి, అప్పుడు పని మొదలుపెట్టండి.

24 మెగాపిక్సెల్ ఫొటోలో 6000x4000 చుక్కలుంటాయి. 20x30 ప్రింటుకు అంగుళానికి 200 వస్తాయి, నాలుగడుగుల దూరం నుంచి చూసే గోడకు అది చాలు. 12x18, 20x30 సైజుల్లో ఫొటో మొత్తం వస్తుంది. 16x20 అడిగితే పక్కన చెవో వెదురు కొమ్మో తెగుతుంది. పెద్ద ప్రింటుకు డబ్బులు పెట్టే ముందు, కళ్ళున్న భాగాన్ని పెద్ద ప్రింటులో వచ్చే సైజులోనే కత్తిరించి 8x12 ప్రింటు వేయించండి. దాన్ని తగిలించబోయే గోడకే అతికించి పగలోసారి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద ఓసారి చూడండి. నేను ఈ పని చేసి ఉంటే ఆ పెద్ద కాగితం మిగిలేది.

ఫ్లెక్స్ మీద వేయించకండి. గ్లాసీ (మెరిసే) కాగితంలో నలుపు చిక్కగా వస్తుంది కానీ ఆ నలుపే అద్దమై ట్యూబ్‌లైట్‌ని చూపిస్తుంది. అందుకే పాండాకు మ్యాట్, అంటే మెరవని కాగితం, అంటాను. పటం కట్టించేటప్పుడు ఫొటోకూ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డు (రెండూ తాకకుండా చుట్టూ పెట్టే మందపాటి అట్ట) పెట్టమని గట్టిగా చెప్పండి. మన ఇళ్ళలో తాతల పటాలు వానాకాలం చెమ్మకు అద్దానికి అతుక్కుపోయి, మచ్చలు తేలడం చూసే ఉంటారు. వాటిలాగా తలుపు పైన ఎత్తులో తగిలించకండి. ఫొటో మధ్యభాగం నేల నుంచి అయిదడుగుల లోపే ఉండాలి. అప్పుడే ఆ జంతువు మన కళ్ళలోకి చూస్తుంది.

పటం వెనకాల ఊరు, తేదీతో పాటు జూలో తీసిందో అడవిలో తీసిందో రాయండి. 2015లో చైనా ప్రకటించిన లెక్క ప్రకారం అడవిలో ఉన్నవి 1,864 పాండాలు, అవీ సిచువాన్, షాంగ్సీ, గాన్సు రాష్ట్రాల కొండల్లోనే. అడవి పాండాను తీసిన మనిషి ఎంత తిరిగి ఉంటాడో ఆలోచించండి. ఆ కష్టం మన జూ ఫొటోకు అంటగట్టకూడదు.

ఈ వారం గేదె మీద కొంగను మూడు ఎక్స్‌పోజర్లలో తీసి, బాగా వచ్చినదాని 8x12 ముక్క వేయించి పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఎలుగుబంటి. ఛాతీ మీద తెల్ల గీత, లేత రంగు మూతి తప్ప ఒళ్ళంతా నలుపే కాబట్టి, ఆ ముక్క పక్కన పెట్టుకునే మొదలుపెడదాం.