వింటర్ వీల్ డైలీ క్వెస్టు పొద్దున రాకపోతే

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో డిసెంబర్ 16న వింటర్ వీల్ పండగ మొదలవగానే గ్రీంచ్ అనే విలన్‌ను కొట్టే డైలీ క్వెస్టు (రోజుకోసారి చేసే టాస్కు) మీద పడతాను. రాత్రి పదికి పూర్తిచేసి, మర్నాడు కూకట్‌పల్లిలో ఆఫీసుకి బయల్దేరే ముందు లాగిన్ అయితే క్వెస్టు ఉండేది కాదు. గేమ్‌కి తగిలించిన అదనపు ప్రోగ్రాములు, అదే యాడాన్లన్నీ తీసేశా, రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేశా. ఊహూఁ.

తీరా చూస్తే అమెరికా సర్వర్లలో డైలీలు మారేది పసిఫిక్ టైం పొద్దున 7కి. అంటే మనకు రాత్రి 8:30! ఇప్పుడు ఫోన్‌లో 8:35కి అలారం పెట్టుకున్నా. సరిగ్గా అప్పుడే అమ్మ "అన్నం చల్లారిపోతోందిరా" అని కేకేస్తుంది, దానికి మాత్రం మందు లేదు. గేమ్‌లో పండగ చెట్టు కింద గిఫ్టులు ఎలాగూ డిసెంబర్ 25 నుంచే. పండగ జనవరి 2 దాకా ఉంటుంది కాబట్టి తొందరేం లేదు.