ఇల్లు అమ్మకానికి పెట్టే ముందు – 4వ పాఠం: చెమ్మ గోడ

పోయిన పాఠంలో గోడలకి లేత రంగు వేయించమన్నాను. చాలామంది వేయించారు. పదిహేను రోజులు తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. ఛత్రపురం నుంచి ఒక అమ్మగారు, "హాల్లో కిందంతా బొబ్బలెక్కిపోయింది మాస్టారూ, శనివారం చూడ్డానికి వస్తామన్నారు, ఏం చేయను?" అని అడిగారు. పర్లాకిమిడి ఆయనకైతే పుట్టీతో సహా పెచ్చులూడి చేతిలోకి వచ్చేశాయట. తప్పు నాదే. గోడ ఆరిందో లేదో చూసుకోమని ఒక్క మాట రాయలేదు. అందుకే ఈసారి చెప్పాల్సిన వంటింటిని పక్కన పెట్టి చెమ్మ సంగతే తేల్చుకుందాం. ఇల్లు దులపడం, అటక మీది పాత సామాను తీసేయడం, కాలిపోయిన బల్బులు మార్చడం నేను చెప్పక్కర్లేదు.

ఒడిశాలోని మా బరంపురంలో ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళతో పెద్దాయన ఒకరు తప్పకుండా ఉంటారు. మిగతావాళ్ళు మేడ ఎక్కితే ఆయన కిందే ఆగి, తలుపు వెనక గోడకి, నేల నుంచి మూరెడు ఎత్తున అరచెయ్యి ఆనిస్తారు. తర్వాత వేళ్ళు రుద్ది చూసుకుంటారు. తెల్లటి పొడి అంటిందంటే బేరం సగం చెడినట్టే. 2013లో ఫైలిన్ తుఫానుకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడిగేదీ ఆయనే. అలాంటాయనకి కొత్త రంగు వాసన తగిలితే, ఏదో దాచడానికే వేశారని అనుమానం ఇంకా బలపడుతుంది.

ముందు నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో కనిపెట్టాలి. మరక కప్పుకి దగ్గరగా ఉండి వాన పడినప్పుడల్లా పెద్దదైతే దారి పైనుంచే. ఎండాకాలంలో కూడా తగ్గకపోతే పైపు అనుమానించండి. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తున గీత గీసినట్టు ఆగితే భూమిలోంచి ఎక్కుతోంది. మన పాత ఇళ్ళలో ఎక్కువగా చూసేది ఈ మూడోదే. నేతవాళ్ళ వీధుల్లో మరో సంగతి ఉంది. ముందు గదిలో ఒకప్పుడు మగ్గం గుంట ఉండి, దాన్ని మట్టీ ఇటుక ముక్కలూ పోసి పూడ్చి పైన గచ్చు చేసి ఉంటారు. ఆ చుట్టూ గోడే ముందు చెమ్మెక్కుతుంది. మడమతో తట్టి చూడండి, శబ్దం డొల్లగా వస్తుంది.

తడి గోడలో ఉందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ షీటు ముక్క తీసుకొని నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజులాగి చూడండి. ప్లాస్టిక్‌కి గోడవైపు నీటి చుక్కలు కడితే తడి గోడలో ఉంది. గదివైపు తడిసితే అది గాలిలో తేమ, కిటికీలు తెరిస్తే చాలు.

ఇక నాకు కోపం తెప్పించేది టైల్స్ సలహా. చెమ్మ గోడకి నాలుగడుగుల ఎత్తు టైల్స్ అంటించేస్తే సరి, కనపడదు అంటారు మేస్త్రీలు. గోడలో నీళ్ళు ఆవిరై బయటికి పోవాలి. ఆ దారి మూసేస్తే అది ఆగదు, ఇంకా పైకెక్కి టైల్స్ అంచు దాటిన చోట బయటపడుతుంది. మూడడుగుల మరక అయిదడుగులకి పోతుంది, అప్పుడు కంటికి ఎదురుగా ఉంటుంది. వాటర్‌ప్రూఫ్ రంగైనా, ఆయిల్ పెయింటైనా, ప్లైవుడ్ పలకలైనా చేసేది ఇదే పని. గోడకి ఆనించి బీరువా పెట్టినా అంతే. బీరువా జరపమని అడగని పెద్దాయనని నేనింకా చూడలేదు.

మరేం చేయాలి? నీళ్ళొచ్చే దారి ముందు మూయండి. గోడలోంచి తెల్లటి పొడిలా ఉప్పు తేలిన చోట పొడి బ్రష్‌తోనే దులపండి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. దులిపింది నేలమీద వదలకుండా ఎత్తేయండి. పాడైన గోడ పూతని చెమ్మ గీతకి పైన ఇంకో అడుగుదాకా చెక్కించేసి గోడని ఊపిరి పీల్చుకోనివ్వండి. అంగుళం మందం గోడ ఆరడానికి సుమారు నెల పడుతుందని పాత లెక్క. అంత గడువు లేకపోతే నా సలహా సున్నమే. పల్చగా మూడు పూతలు, ఒక్కోటి ఆరాక ఇంకోటి. సున్నం గోడలోని ఆవిరిని ఆపదు. ప్లాస్టిక్ పెయింట్ మీద మాత్రం నిలవదు, ముందు గీకించాలి. ఎమల్షన్ మెరుపు రాదు నిజమే, అయినా పాత ఇంటికి సున్నపు తెలుపే అందమని నా నమ్మకం. ఆరని గోడ గురించి కొనేవాళ్ళకి మీరే ముందు చెప్పండి, మరమ్మతు బిల్లు చూపించండి. వాళ్ళంతట వాళ్ళు కనుక్కుంటే ధర ఇంకా తగ్గిస్తారు.

చూపించడానికి నాకు నచ్చిన నెల మార్గశిరం. వానలు వెనక్కి తగ్గి గోడలు ఆరుతుంటాయి. గురువారం మాత్రం ఎవరినీ రమ్మనకండి. ఆ నెల గురువారాల్లో ఒడియా ఇళ్ళలో మాణబసా అనే లక్ష్మీపూజ, ఆడవాళ్ళకి తీరిక ఉండదు. ఇల్లు ఖాయం చేసేది వాళ్ళే.

అభ్యాసం: ఇంట్లో ప్రతి బయటి గోడకీ ప్లాస్టిక్ ముక్క అంటించండి, నాలుగు గదులుంటే కనీసం ఎనిమిది. రెండు రోజుల తర్వాత తీసి, తడి ఎంతెత్తుందో గోడమీదే పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. నెల తిరిగాక మళ్ళీ అంటించండి. రెండో గీత మొదటిదానికంటే కిందికి వచ్చేదాకా రంగు డబ్బా మూత తీయొద్దు. వంటిల్లు వచ్చే పాఠంలో.