కింగ్‌మేకర్‌లో పదే పదే చస్తున్నారా? తేడా ఎక్కడుందో చూద్దాం

కందుకూరులో ఉండే మా పిన్ని కొడుకు పది రోజుల నుంచి రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేస్తున్నాడు. ఎత్తగానే ఒకటే మాట: "ఏందన్నా ఈ ఆట, మళ్ళీ చచ్చినాం." ఆట పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ అనే వీడియో గేమ్. 2018లో వచ్చింది. ఐదుగురిని వెంటేసుకుని పోయి స్టాగ్ లార్డ్ అనే దొంగల నాయకుణ్ణి చంపితే ఆ సీమ మన చేతికొస్తుంది, అక్కణ్ణుంచి దాన్ని పాలించుకోవాలి. వాడు చేస్తున్న తప్పులన్నీ నేను ఒంగోలులో రూమ్‌లో ఉన్నప్పుడు చేసినవే, అందుకే వాడికి చెప్పినవి ఇక్కడ పెడుతున్నా.

ముందుగా ఒక పని చేయండి. స్క్రీన్‌లో ఒక మూల లాగ్ (పోరాటంలో జరిగినవన్నీ రాసే చిట్టా) ఉంటుంది, దాన్ని తెరిచి పెట్టుకోండి. దెబ్బ ఎందుకు తగల్లేదో, మనవాడు ఎందుకు పడ్డాడో ఆట అక్కడ అంకెలతో సహా చెబుతూనే ఉంటుంది, మనమే చూడం.

సమస్య: బాణాలు ఒక్కటీ తగలట్లేదు

ఇందులో ప్రతి దెబ్బకీ ఇరవై ముఖాల పాచిక పడుతుంది. పాచిక అంకెకు మన అటాక్ బోనస్ (మనవాడి గురి అంకె) కలిపితే శత్రువు ఆర్మర్ క్లాస్‌ను (వాడి రక్షణ అంకె) అందుకోవాలి, అందుకుంటేనే తగిలినట్టు. మీ విలుకాడికి బోనస్ 5, ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ 18 అనుకోండి, 13 గానీ ఆపైన గానీ పడాలి, అంటే వందకు 40 సార్లు తగులుతుంది. పర్లేదు. కానీ ఆ శత్రువు అప్పటికే మన గుంపులోని కత్తి యోధురాలు వాలెరీతో కత్తి కలిపి ఉంటే, గుంపులోకి బాణం వేస్తున్నందుకు 4 తగ్గిస్తారు. అప్పుడు 17 పడాలి, వందకు 20 సార్లే. సగానికి సగం పోయింది. దీనికి మందు ప్రిసైజ్ షాట్ అనే ఫీట్ (లెవెల్ పెరిగేటప్పుడు ఎంచుకునే నైపుణ్యం), దానికంటే ముందు పాయింట్ బ్లాంక్ షాట్ తీసుకోవాలి. విలుకాడికి ఈ రెండూ అయ్యేదాకా ఇంకేదీ తీసుకోవద్దు, ఎంత ముద్దొచ్చినా.

కత్తివాళ్ళకి కూడా తగలకపోతే ఇద్దరిని ఒకే శత్రువు మీదికి పంపండి, ఫ్లాంకింగ్ (ఇద్దరు కలిసి ఒకడిని చుట్టుముట్టడం) కింద బోనస్‌కు 2 కలుస్తుంది. పవర్ అటాక్ అనే ఫీట్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి, అది దెబ్బ బలం పెంచుతుంది గానీ గురి తగ్గిస్తుంది. మావాడు మూడు రోజులు దాన్ని ఆన్‌లోనే పెట్టుకుని నన్ను తిట్టాడు.

సమస్య: సాలీళ్ల గుహలో అందరూ పోయారు

ఫ్యాంగ్‌బెర్రీ గుహ. కొత్తవాళ్ళలో సగం మంది ఆట మూసేసేది ఇక్కడే. అవి విడివిడి సాలీళ్లు కావు, గుంపు మొత్తం ఒకే ప్రాణి లెక్క, దాన్ని కత్తితో కొట్టడమంటే దోమల గుంపును కర్రతో కొట్టడమే. ఒకేసారి చుట్టూ పడే దెబ్బ కావాలి: ఆల్కెమిస్ట్ ఫైర్, యాసిడ్ సీసాలు, బర్నింగ్ హ్యాండ్స్ స్పెల్. బయల్దేరే ముందే సీసాలు కొని అందరి బెల్టుల్లో పెట్టండి. లేకపోతే ఆ గుహ వైపు వెళ్ళకండి, రెండు లెవెళ్లు పెరిగాక తిరిగి రావచ్చు, అదేం పారిపోదు.

సమస్య: ఏమీ చేయకముందే రోజులు అయిపోతున్నాయి

స్టాగ్ లార్డ్‌ను ముగించడానికి 90 రోజులు ఇస్తారు. చాలా ఎక్కువే, నెలన్నరలో అయిపోతుంది. అయినా చాలడం లేదంటే మీ సంచీ బరువు చూడండి. చచ్చిన ప్రతి దొంగ కవచమూ, ప్రతి తుప్పు కత్తీ ఏరుకుంటే పార్టీ మొత్తం నడక నెమ్మదిస్తుంది, పది గంటల దారి ఇంకా సాగుతుంది, మధ్యలో అలసిపోయి మళ్ళీ పడుకోవాలి. మామూలు సామాను అక్కడే వదిలేయండి. క్యాంప్‌కు రేషన్ కూడా కొంచెం దగ్గర ఉంచుకోండి, లేకపోతే వేటకి పంపాలి, దానికి గంటలు పడతాయి. అట్లాగని ఇరవై మోయద్దు, అవీ బరువే.

సమస్య: రాజ్యం బాగానే ఉంది, ఉన్నట్టుండి గేమ్ ఓవర్

ఉన్నట్టుండి కాదు. ఎప్పుడో మొదలైంది, రొయ్యల చెరువులో రోగం లాగా, పైకి తేలేసరికి చేయి దాటిపోతుంది. రాజ్యంలో వచ్చే కార్డులు రెండు రకాలు, అవకాశాలు, సమస్యలు. అవకాశం వదిలేస్తే లాభం పోతుంది, అంతే. సమస్యను వదిలేస్తే గడువు తీరగానే మీ రాజ్యం అంకెలు పడిపోతాయి, అశాంతి ఒక్కో మెట్టే పెరుగుతుంది, చివరి మెట్టు దాటితే రాజ్యం కూలి ఆట అయిపోతుంది. మావాడు చేసిందేంటంటే, ఉన్న సలహాదారులందర్నీ అవకాశాల మీద పెట్టాడు, నెల మధ్యలో సమస్య వచ్చేసరికి ఖాళీగా ఉన్నవాడు లేడు. ఒక సలహాదారు ఒకసారికి ఒక పనే చేస్తాడు. ముఖ్యంగా జనరల్‌ను (సైన్యం చూసే సలహాదారు) ఖాళీగా ఉంచండి.

రెండో కారణం ఇంకా చెడ్డది. ఏ విభాగాన్నైనా ర్యాంక్ పెంచాలంటే రాజు స్వయంగా 14 రోజులు కూర్చోవాలి. కొత్త సీమను కలుపుకున్నా అంతే, 14 రోజులు. (2022లో మా కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినప్పుడు ఎన్నాళ్లు పట్టిందో గానీ, ఇక్కడ మాత్రం సరిగ్గా రెండు వారాలు.) బటన్ నొక్కే ముందు పెద్ద క్వెస్ట్‌కు గడువు ఎంతుందో చూసుకోండి, పన్నెండు రోజులే ఉంటే నొక్కద్దు. ఆ గండం దాటాక తీరిగ్గా కూర్చోండి.

బీపీలు (బిల్డ్ పాయింట్లు, రాజ్యం ఖర్చులకు వాడేవి) అన్నీ ఊళ్ళో భవనాలకు పోసేయకండి. కార్డులకీ అవే కావాలి, వారానికోసారే వస్తాయి. చేతిలో బంగారం మిగిలితే కొన్ని కొనుక్కోవచ్చు.

ఇదంతా తలనొప్పి అనుకుంటే రాజ్యం పనులు ఆటోమేటిక్‌గా పెట్టుకునే వీలుంది, కానీ ఒకసారి పెడితే ఆ ఆటలో వెనక్కి తీసుకోలేరు. దానికంటే రాజ్యం డిఫికల్టీ ఈజీ చేసుకోండి, సిగ్గేం లేదు, నేనూ అదే చేశా. పోరాటం గజిబిజిగా ఉంటే 2020లో వచ్చిన టర్న్ బేస్డ్ మోడ్ (ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా కొట్టే పద్ధతి) ఆన్ చేయండి.

సమస్య: సేవ్ పోయింది

ఒకే సేవ్ మీద మళ్ళీ మళ్ళీ రాస్తున్నారు. వారానికో కొత్త సేవ్ పెట్టండి, రాజ్యం కూలితే నెల వెనక్కి పోవాల్సి వస్తుంది. మా వీధిలో లాగా మీ దగ్గరా సాయంత్రం కరెంటు పోతుంటే ప్రతి పోరాటం ముందు ఒకటి.

నిన్న రాత్రి మళ్ళీ ఫోన్. చంపిన ట్రోల్ (ఆటలో ఒక రాక్షస జీవి) లేచి వస్తోందంట. వాటి గాయాలు వాటంతటవే మానిపోతాయి, నిప్పో యాసిడో తగిలితేనే ఆ మానడం ఆగుతుంది, సాలీళ్లకు వాడిన సీసాలు మిగిల్చుకున్నావా అని అడిగితే లేవన్నాడు. లాగ్‌లో ఏం రాసుందిరా అన్నా.

"లాగ్ ఎక్కడుంటుందన్నా?"